గేజి రిజిష్టరు పద్ధతిలో బేస్‌బాల్ స్కోరు రాసుకోవడం ఎలా

ముందుగా రూళ్లు లేని లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. పెన్ను వద్దు. పెన్సిలు, రబ్బరు, అడుగు స్కేలు చాలు. ఇంటికి రాగానే చేయాల్సిన మొదటి పని, ఏమీ రాయకముందే, మొదటి పేజీ నుంచి చివరిదాకా నంబర్లు వేసేయడం. ఎందుకని ఇప్పుడే అడక్కండి. పెన్ను ఎందుకు వద్దంటున్నానో నా మొదటి పుస్తకం చూస్తే తెలుస్తుంది గానీ, దాన్ని ఎవరికీ చూపించను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ముప్ఫయ్యేళ్లకు పైగా గోదావరి మట్టం రాశానండి. గేజి చూడడం, అడుగులూ పాయింట్లూ రిజిష్టర్లోకి ఎక్కించడం, పైకి కబురు పెట్టడం. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నిద్దట్లో లేపి అడిగినా చెబుతాను. రిటైరయ్యాక రాయడానికి ఏమీ లేక చెయ్యి ఊరుకునేది కాదు. పాలవాడి లెక్క ఎంతని రాస్తాం?

2023 వేసవిలో అమెరికాలో, క్లీవ్‌లండ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. మనవడు నన్ను బేస్‌బాల్ ఆటకు లాక్కెళ్లాడు. మైదానం చూడమని తీసుకెళ్తే నా కళ్లు మాత్రం ముందు వరసలో ఒక ముసలాయన ఒళ్లో ఉన్న కాగితం మీద పడ్డాయి. నిండా గళ్లు. ఆయన తలెత్తి చూస్తున్నాడు, దించి రాస్తున్నాడు, మళ్లీ ఎత్తుతున్నాడు. అరె, ఇతను మన డిపార్ట్‌మెంటు మనిషే అనుకున్నాను.

ఆట తెలియనివాళ్లకు ఆట ఇంతే. జట్టుకు తొమ్మిదిమంది, తొమ్మిది ఇన్నింగ్సులు, ఇన్నింగ్సుకు మూడు అవుట్లు. మూడో అవుట్ పడగానే జట్లు మారిపోతాయి. నాలుగు బేసులూ చతురస్రంగా ఉంటాయి, ఒక్కో భుజం 90 అడుగులు. బంతి కొట్టి, ఒకటి, రెండు, మూడు బేసులూ తొక్కి, బయల్దేరిన చోటికే వస్తే ఒక రన్ను. కొట్టదగ్గ బంతిని వదిలేసినా, ఊపి తప్పినా స్ట్రయికు. మూడు స్ట్రయికులైతే అవుట్. కొట్టడానికి వీల్లేని బంతులు నాలుగు వేస్తే బ్యాటరు నడుచుకుంటూ మొదటి బేసుకు పోవచ్చు. గట్టు మీద నడకకు వచ్చే మా పాత లస్కరుకి, అదే కాలువ కాపలా మనిషికి, ఇదంతా చెబితే, "అయితే బాబుగారూ, ఓవర్లెన్ని?" అన్నాడు. ఓవర్లు లేవయ్యా అన్నాను. "మరి పొద్దు ఎలా తెలుస్తుంది?" అన్నాడు. మంచి ప్రశ్నే. అవుట్లే గడియారం. జట్టుకు ఇరవయ్యేడు అవుట్లయ్యేదాకా పొద్దు గూకదు.

సమయం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. క్లీవ్‌లండ్‌లో సాయంత్రం 6:40కి ఆట మొదలైతే మనకు తెల్లవారుజామున 4:10. ఇంత చక్కని వేళ ఇంకోటి లేదు. కాఫీ పెట్టుకుని కూర్చుంటే ఏడింటికి అటూ ఇటుగా ఆట అయిపోతుంది, గట్టు మీద నడకకు ఇంకా చల్లదనం మిగిలే ఉంటుంది. పడమటి తీరం జట్లయితే పొద్దున్న ఏడున్నర తర్వాత మొదలవుతాయి. అవి టిఫిను వేళలో పడతాయి, ఇంట్లో మాట వస్తుంది. సీజను మార్చి చివర్లో మొదలై సెప్టెంబరు చివరికి అయిపోతుంది, అక్టోబరు పెద్ద పోటీలది. గమనించారా, కాలువలు కట్టేసే రోజులకు కాస్త ముందు మొదలై, వరదల కాలం దాటేసరికి ముగుస్తుంది. జట్టుకు 162 ఆటలు. అన్నీ రాయాలనుకోకండి. వారానికి రెండు రాస్తే ఘనం.

గళ్లు గీయడం

ఎడమ పేజీ బయటి జట్టుకు, కుడి పేజీ ఇంటి జట్టుకు. బయటి జట్టే ముందు బ్యాటింగ్ చేస్తుంది. ఎడమ అంచున తొమ్మిదిమంది పేర్లు, ఒక్కో పేరు కింద ఒక ఖాళీ వరస వదలాలి. ఎవరినైనా మార్చారంటే కొత్తవాడి పేరుకు అదే చోటు. పైన అడ్డంగా ఇన్నింగ్సుల నంబర్లు, తొమ్మిదితో ఆపకుండా పదకొండు దాకా గీయండి. కుడి చివర మూడు వేళ్ల వెడల్పున ఇంకో గడి వదిలి, పైన 'రిమార్కులు' అని రాయండి. ఈ గడి అమెరికావాళ్ల కాగితంలో లేదు. గేజి రిజిష్టరు నుంచి నేను తెచ్చుకున్నాను. దాని సంగతి తర్వాత.

ప్రతి గడిలోనూ పెన్సిలుతో చిన్న ముగ్గు గడిలాంటి చతురస్రం, మూల కిందికి వచ్చేట్టు. కింది మూల ఇంటి బేసు, కుడి మూల మొదటిది, పై మూల రెండోది, ఎడమ మూల మూడోది. మనిషి ఎంతవరకు చేరితే అంతవరకు గీత లావు చేయాలి. తిరిగి ఇంటికొస్తే మధ్యలో పెన్సిలుతో నింపేయండి. ఇన్నింగ్సు అయ్యాక నలుపు చుక్కలు లెక్కపెడితే రన్నులు వచ్చేస్తాయి. అవుటైతే ఎన్నో అవుటో ఆ అంకె వేసి చుట్టూ సున్నా చుట్టాలి.

నేను మొదటిరోజు చేసిన తప్పు మీరు చేయకండి. మూడో అవుట్ తర్వాత వచ్చే ఇన్నింగ్సును మళ్లీ మొదటి పేరు నుంచి రాశాను. కాదు. ఎవరి దగ్గర ఆగిందో వాడి తర్వాతి వాడే మొదలుపెడతాడు. వంతులవారీ తడి పెట్టినట్టే. నిన్న మీ చేను దగ్గర ఆగితే ఇవాళ నీళ్లు పక్క చేనుకే గానీ, మళ్లీ కాలువ తల నుంచి కాదు కదా.

అంకెలు, అక్షరాలు

ఇప్పుడు అసలు సంగతి. మైదానంలో నిలబడే తొమ్మిది చోట్లకూ నంబర్లున్నాయి. బంతి వేసే పిచ్చరు 1, క్యాచరు 2, మొదటి బేసు 3, రెండో బేసు 4, మూడో బేసు 5, రెండుకూ మూడుకూ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, బయట ఎడమవైపు 7, మధ్య 8, కుడివైపు 9. చొక్కా మీది నంబరుతో దీనికి సంబంధం లేదు. అంకె చోటుది, మనిషిది కాదు. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని మొదటి బేసుకు విసిరి అవుట్ చేస్తే 6-3. ఒకే బంతికి ఇద్దరిని పంపేసే 6-4-3 రాసిన రోజున నాకు పూర్ణకుంభంతో ఎదురొచ్చినట్టుంటుంది.

ఎడమ ఎవరి ఎడమ అన్నది మొదట్లో తికమక పెడుతుంది. బ్యాటరు నిలబడి మైదానంలోకి చూస్తే వచ్చే ఎడమ. మనకిది కొత్తేమీ కాదు. నీటివాలు దిక్కుగా తిరిగి నిలబడి నదికి ఎడమ గట్టు, కుడి గట్టు అంటాం. రాజమండ్రి ఎడమ గట్టు, కొవ్వూరు కుడి గట్టు. ఎవరు ఎటు తిరిగి నిలబడినా అది మారదు. బ్యాటరు దగ్గర నది పుట్టి మైదానంలోకి పారుతోందనుకోండి, సరిపోతుంది.

ఈ పద్ధతికి ఆద్యుడు హెన్రీ చాడ్విక్ అనే విలేకరి. ఇంగ్లండులో పుట్టి చిన్నతనంలోనే బ్రూక్లిన్ చేరాడు, మొదట క్రికెట్ మీదే వార్తలు రాసేవాడు. స్ట్రయికౌట్‌కు ఇంగ్లీషు కె అక్షరం పెట్టింది ఆయనే. 'స్ట్రక్' అన్న మాటలో చివరి అక్షరం అది. బ్యాటు ఊపకుండా బొమ్మలా నిలబడి అవుటైతే ఆ కె ని తిరగేసి రాస్తారు. నేను తెలుగులో రాసుకుంటాను. ఊపి అవుటైతే 'క', చూస్తూ అవుటైతే 'చూ'. నడిచివెళ్తే 'న'. బంతి ఒంటికి తగిలి వెళ్తే 'త'. ఎత్తుగా లేచిన బంతిని పట్టేస్తే 'ఎ' పక్కన పట్టినవాడి అంకె: ఎ8. పొరపాటుకు 'పొ', దాని పక్కనా అంకె తప్పదు. ఎవరి పొరపాటో అచ్చంగా అందరికీ కనపడేలా స్కోరుబోర్డు మీదే లెక్కవేసి చూపిస్తారు ఈ ఆటలో. మన ఆఫీసుల్లో ఇది పెడితే ఎలా ఉంటుందో అనిపించింది.

ప్రతి బంతినీ రాయడానికి మాత్రం మొదట్లోనే దిగకండి. మనవడు అలాగే రాస్తాడు, వాడి కళ్లు పదమూడేళ్లవి. 2023 నుంచి పిచ్చరుకి గడియారం పెట్టారు. బేసుల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వేయాలి, ఎవరైనా ఉంటే మొదటి ఏడాది 20, తర్వాతి ఏడు దాన్నీ 18కి దించారు. ఆ పెట్టిన ఏడే ఆట సగటున దాదాపు ఇరవై నాలుగు నిమిషాలు తగ్గింది. పాతకాలపు వాళ్లు తీరిగ్గా రాసుకునేవారట. మనకు కాఫీ గుటక వేసే వ్యవధే. అందుకని గళ్లు, పేర్లు ముందురోజు రాత్రే సిద్ధం చేసుకోవాలి. చెయ్యి తిరిగేదాకా యూట్యూబులో పూర్తిగా దొరికే పాత ఆటలు పెట్టుకుని, ఆపుకుంటూ రాయండి. 2016 ప్రపంచ పోటీలో (వరల్డ్ సిరీస్ అంటారు) క్లీవ్‌లండ్, షికాగో కబ్స్ ఆడిన ఏడో ఆటతో నేను నేర్చుకున్నాను. తొమ్మిది ఇన్నింగ్సులకు సమానం, వాన, 17 నిమిషాలు ఆగడం, పదో ఇన్నింగ్సులో క్లీవ్‌లండ్ 8-7తో ఓడడం. 1948 తర్వాత వాళ్లకు కప్పు లేదు. ఆ పేజీ నేర్చుకోవడానికి మంచిదే గానీ రాస్తుంటే నోరు చేదెక్కుతుంది.

కనపడనిది

ఆరో ఇన్నింగ్సులో కరెంటు పోతుంది. నెట్టు పోతుంది. పాలమ్మాయి పిలుస్తుంది. తర్వాత యాప్‌లో చూసి ఆ గళ్లు నింపొచ్చు, అన్నీ ఉంటాయందులో. నింపండి, కానీ అలా నింపిన గడి మూలన చిన్న వంకర గీత పెట్టండి. చూడనిది చూసినట్టు రాయకూడదు. 1986 ఆగస్టు వరదలో నేను ఉద్యోగానికి కొత్త. గంట గంటకూ మట్టం రాయాలి. హోరున వాన, ఒక గంట గేజి అంకె కనపడలేదు. ముందు గంటదీ ఆ తర్వాత గంటదీ చూసి మధ్యలో ఒకటి వేసేద్దామనుకున్నాను. పెద్దాయన ఒకరు లాంతరు పక్కన పెట్టి, "కనపడకపోతే కనపడలేదని రాయి బాబూ. అదీ రీడింగే" అన్నారు. అలాగే రాశాను.

లెక్క కుదరడం

ఆట అయ్యాక లేచిపోకండి, రెండు నిమిషాల పని ఉంది. బ్యాటింగుకు వచ్చినవాళ్లంతా మూడింట్లో ఒకటై తీరాలి: ఇంటికి చేరారు, అవుటయ్యారు, లేదా ఇన్నింగ్సు ముగిసేసరికి బేసుల మీద మిగిలిపోయారు. ఒక జట్టు తరఫున 38 సార్లు బ్యాటరు వచ్చాడనుకోండి. రన్నులు 5, అవుట్లు 27, మిగిలినవాళ్లు 6. కూడితే 38. కుదిరింది. కుదరలేదంటే ఎక్కడో ఒక గడి తప్పు. ఇంటి జట్టు గెలుపులో ఉండి తొమ్మిదోసారి బ్యాటు పట్టకపోతే అవుట్లు 24 అని గుర్తుంచుకోండి. బ్యారేజీ దగ్గర రోజూ మేం చేసింది ఇదేనండి. పైనుంచి వచ్చిన నీరు ఎంత, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు ఇచ్చింది ఎంత, 175 గేట్ల కింద నుంచి సముద్రంలోకి పోయింది ఎంత.

ఈ లెక్కకు 2020లో గండి పెట్టారు. తొమ్మిదిలో తేలకపోతే పదో ఇన్నింగ్సు నుంచి రెండో బేసు మీద ఒక మనిషిని ఊరికే నిలబెడతారు. వాడు ఆ చోటికి బ్యాటు పట్టి రాలేదు. ఆకాశం నుంచి దిగాడు. మొదటిసారి నా కూడిక ఒకటి తేడా వచ్చి, గంటసేపు తప్పు వెతికాను. మా ఆవిడ అట్లు చల్లారిపోతున్నాయని రెండుసార్లు పిలిచింది. చివరికి మనవడికి ఫోను చేస్తే నవ్వాడు. అలాంటి మనిషి దిగిన ప్రతిసారీ వచ్చినవాళ్ల లెక్కకు ఒకటి కలపండి, సరిపోతుంది. గడిలో వాడికి చుక్కల గీత వేస్తాను, నిజం గీత వేయను. అక్టోబరు పోటీల్లో ఈ ఏర్పాటు లేదు, అదొక్కటే ఊరట.

రూల్సు ఏటా మారుతున్నాయి కాబట్టి పుస్తకం వెనక అట్ట లోపల మార్పులు తేదీలతో రాసుకోండి. 2022లో రెండు లీగుల్లోనూ, అంటే జట్లన్నిటికీ, పిచ్చరు బదులు వేరేవాడు బ్యాటు పట్టడం. 2023లో గడియారం, బేసులు 15 అంగుళాల నుంచి 18కి పెరగడం. 2026లో బంతి స్ట్రయికో కాదో అంపైరు చెప్పినదాని మీద యంత్రానికి అప్పీలు చేసుకోవడం: జట్టుకు రెండు అవకాశాలు, గెలిస్తే పోవు, ఆటగాడు నెత్తి తట్టుకుంటే అడిగినట్టు. నాకు ఈ చివరిది నచ్చింది. నెత్తి కొట్టుకుని అంపైరును నిలదీయడం మనవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే.

పేర్లు

పేజీ తల మీద ఊరు, జట్టు, తేదీ రాస్తాం. ఆ రోజున ఏ పేరుంటే అదే రాయండి. తర్వాత మారితే పాత పేజీలు దిద్దకండి. అథ్లెటిక్స్ అనే జట్టు ఫిలడెల్ఫియాలో పుట్టి, కాన్సస్ సిటీకి, 1968లో ఓక్లండ్‌కు, 2025లో శాక్రమెంటో పక్కకు మారింది. ఇల్లు లాస్ వేగాస్‌లో కట్టుకుంటోంది. ఈ అద్దె కాలంలో పేరులో ఊరే లేదు, ఉత్త అథ్లెటిక్స్. గోదారి లంక కోసుకుపోయి గట్టు మీద గుడిసె వేసుకున్నవాణ్ణి ఏ ఊరయ్యా అని అడిగినట్టుంది.

మనవడి జట్టు క్లీవ్‌లండ్ గార్డియన్స్‌కు 2021 దాకా వేరే పేరు. కొత్త పేరు మైదానం పక్కనున్న వంతెన నుంచి తెచ్చుకున్నారు. 1932లో కట్టిన ఆ వంతెనకు నాలుగు రాతి స్తంభాలు, వాటికి రెండేసి చొప్పున ఎనిమిది భారీ బొమ్మలు. ఒక్కో బొమ్మ చేతిలో ఒక్కో బండి: గడ్డిబండి, గుర్రపు బగ్గీ, ఆ కాలపు కారు, లారీలు. మనవడితో ఆ వంతెన మీద నడుస్తుంటే మన హేవలాక్ వంతెన గుర్తొచ్చింది. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసి ఇప్పుడు ఖాళీగా నిలబడింది. దానికీ బొమ్మలు చెక్కి ఉంటే చేతుల్లో ఏముండేవో? కాలువలో తాడుతో లాగే పడవ ఒకటి తప్పకుండా ఉండేది. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది. కాగితం మీద అలాగే రాస్తాను, నోటికి మాత్రం రాజమండ్రే వస్తుంది. 2022లో జిల్లాలు విడగొట్టాక మా ఆవిడ పుట్టిల్లు అమలాపురం కోనసీమ జిల్లాకు పోయింది. "నేను కదలకుండానే మీ జిల్లా ఆడపడుచుని కాకుండా పోయాను" అంటుంది.

ఆటగాళ్లూ అంతే. నేను మైదానంలో చూసిన రోజు 4వ చోట జిమెనెజ్ ఉన్నాడు, బంతి వాడి చేతిలో పడితే అతుక్కున్నట్టే. 2024 డిసెంబరులో టొరంటోకు ఇచ్చేశారు. మనవడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. 5వ చోట హోసె రామీరెజ్ మాత్రం 2013 నుంచి ఇదే జట్టు.

రిమార్కుల గడి

ఇక్కడ ఆట గురించి రాయకండి. ఆట రాయడానికి పక్కన అన్ని గళ్లున్నాయి. ఆ పూట మీ చుట్టూ ఏం కనపడిందో ఒక్క ముక్క రాయండి. మేం దానవాయిపేటలో మూడో అంతస్తులో ఉంటాం, బాల్కనీ తలుపు తీసుకుని కూర్చుంటాను. నా పుస్తకంలోంచి కొన్ని:

"ఎదుటి పెంకుటింటి కప్పు దించుతున్నారు. పెంకులు పదేసి పేరుస్తున్నారు."
"కింద ఫ్లాటువాళ్లు ఖాళీ చేసి వైజాగ్ వెళ్లారు. కరివేపాకు కుండీ మనకిచ్చారు."
"ఎర్రనీళ్లు వచ్చాయి. లస్కరు చెప్పాడు."
"పెంకుటింటి చోట స్తంభాలు లేచాయి. సూర్యుడు 8వ ఇన్నింగ్సులో కనపడేవాడు, ఇప్పుడు లేడు."

ఈ చివరి దాని కోసం తర్వాత వెనక్కి తిప్పి చూశాను. ఏ తేదీ దాకా సూర్యుడు కనిపించాడో ఆ గళ్లలో ఉంది. ఆట ఎవరు గెలిచారో మాత్రం చూస్తే తప్ప గుర్తు లేదు.

పేజీ నంబర్ల సంగతి బాకీ ఉన్నాను. 2024 సెప్టెంబరు 29, సీజను ఆఖరి ఆదివారం. మనకు అప్పటికి అర్ధరాత్రి దాటింది. రామీరెజ్ 39 హోమ్ రన్నుల (బంతిని కంచె దాటించి కొట్టడం) మీద ఉన్నాడు, 41 బేసులు దొంగిలించాడు (ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేసుకు పరుగెత్తి చేరడం). ఇంకొక్కటి కొడితే రెండిట్లోనూ నలభై అందుకున్న అతికొద్దిమందిలో చేరతాడు. నేను మధ్యాహ్నమే పడుకుని లేచి, తొమ్మిదేసి పేర్లూ రాసి, పెన్సిలు చెక్కి కూర్చున్నాను. క్లీవ్‌లండ్‌లో వాన. చూశారు, చూశారు, ఆట రద్దు చేసేశారు. ఆఖరి ఆట, మళ్లీ ఆడేది లేదు. పేజీలో పేర్లు తప్ప ఒక్క గడి నిండలేదు. రిమార్కుల్లో 'వాన' అని రాసి దీపం ఆర్పాను.

మర్నాడు ఫోనులో మనవడు ఏడుపు గొంతుతో, "తాతయ్యా, ఆ పేజీ చింపెయ్" అన్నాడు.

"చింపకూడదురా. 74 అని నంబరు వేసేశాను."